లెనన్ చేసిన బ్రెడ్డు, ప్యాటీ చెక్కు తీసిన బంగాళాదుంపలు

జాన్ లెనన్ బ్రెడ్డు చేశాడు. రాక్ సంగీతమంటే చెవి కోసుకునే మగవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఈ మాట రాకుండా పోదు. 1975 అక్టోబరులో కొడుకు షాన్ పుట్టాక లెనన్ పాటలూ స్టూడియోలూ పక్కన పెట్టేశాడు. న్యూయార్క్‌లో డకోటా అనే పాతకాలపు పెద్ద భవనంలో ఉన్న తన ఇంట్లోనే అయిదేళ్ళు ఉండిపోయాడు. పిల్లాణ్ణి చూసుకున్నాడు, వంట నేర్చుకున్నాడు, పిండి కలిపి బ్రెడ్డు చేశాడు. మొదటిసారి చేసిన బ్రెడ్డుకి పోలరాయిడ్ కెమెరాతో ఫొటో కూడా తీసుకున్నానని 1980లో ప్లేబాయ్ పత్రికకి ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆయనే చెప్పుకున్నాడు.

నేను మొదటిసారి గుండ్రంగా ఒత్తిన చపాతీకి ఎవరూ ఫొటో తీయలేదు. సరే, అది వేరే కథ.

లెనన్‌ని నేనేమీ తప్పు పట్టడం లేదు. అంత పేరున్న మగవాడు "నేను ఇంట్లో ఉండి పిల్లాణ్ణి చూసుకుంటాను" అని పైకి చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. పైగా ఇంటిపని ఎలాంటిదో అర్థమైన మనిషిలాగే మాట్లాడాడు. ఎంత కష్టపడి చేసినా ఇట్టే తినేసి వెళ్ళిపోతారు, దీనికి గోల్డ్ రికార్డు ఏమీ ఇవ్వరా అని వేళాకోళమాడాడు. అది చదివి ఎంత నవ్వుకున్నానో! ఎనిమిదింటికి దించిన ఇడ్లీ పాత్ర తొమ్మిదింటికి ఖాళీగా సింకులో కనిపించే మనందరికీ తెలిసిన సంగతే కదా. నా పేచీ లెనన్‌తో కాదు. ఆ అయిదేళ్ళని ఆయన అభిమానులు తలుచుకునే తీరుతో.

మావారికీ ఆయన స్నేహితులకీ నెలకో శనివారం మా ఇంట్లో పాటల కచేరీ. కచేరీ అంటే వీళ్ళు పాడరు లెండి, అంత ప్రమాదం లేదు. తలా ఒక పాట పెట్టడం, దాని వెనక కథ చెప్పడం, పాడినవాడు పోయి ఎన్నేళ్ళయిందో లెక్కేసి నిట్టూర్చడం. పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెప్లిన్, డీప్ పర్పుల్, ఈగిల్స్. కాలేజీలో ఒకడి దగ్గర ఉన్న క్యాసెట్ హాస్టలంతా తిరిగి తిరిగి టేపు సాగిపోయిన రోజుల కబుర్లు. నేనూ వింటాను. పకోడీలు వేస్తూ వింటాను కాబట్టి విన్నట్టు లెక్కలోకి రాదు గానీ, వాళ్ళలో సగంమంది కన్నా నాకే ఈ పాటలు బాగా తెలుసు.

ఆమధ్య ఒకాయన లెనన్ బ్రెడ్డు కథ చెప్పాడు. "అదీ మనిషంటే! అంత కీర్తినీ కాలదన్ని కొడుకు కోసం ఇంట్లో కూర్చున్నాడు" అని కళ్ళు తుడుచుకున్నంత పని చేశాడు. అరగంట పోయాక ఎవరో ప్యాటీ స్మిత్ పాడిన బికాజ్ ద నైట్ పెట్టారు. అదే పెద్దమనిషి, అదే సోఫాలో కూర్చుని, "ఎంత టాలెంటు! పెళ్ళి చేసుకుని మాయమైపోయింది పాపం" అన్నాడు.

ఇద్దరూ చేసింది ఒకటే పని. ఇద్దరూ పిల్లల కోసం ఇంట్లో ఉన్నారు. ఆయనది కాలదన్నడం, ఆవిడది మాయమవడం!

మాయమై ఎక్కడికి పోయిందో చెప్తాను. 1975లో హార్సెస్ అనే ఆల్బమ్‌తో వచ్చిన ప్యాటీ నాలుగేళ్ళలో నాలుగు ఆల్బమ్‌లు చేసింది. 1979 సెప్టెంబరులో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో కిక్కిరిసిన స్టేడియంలో పాడి, అక్కడితో బ్యాండ్ చాలించింది. మరుసటి ఏడాది ఫ్రెడ్ స్మిత్‌ని పెళ్ళి చేసుకుంది. ఆయనా గిటారిస్టే, ఎమ్‌సీ5 బ్యాండ్‌వాడు. డెట్రాయిట్ దగ్గర సెయింట్ క్లేర్ షోర్స్ అనే ఊళ్ళో కాపురం పెట్టారు. 1982లో కొడుకు, 1987లో కూతురు. పొద్దున్నే, పిల్లలు లేవకముందే లేచి కూర్చుని రాసుకునేది. ఆ ఏళ్ళలో రాయడం మానలేదని ఆవిడ చాలాసార్లు చెప్పింది. మిగతా రోజంతా బట్టలు, వంట, పిల్లలు. నాలుగున్నరకి అలారం పెట్టుకుని, ఇల్లు లేచేలోపు ఒక గంట తనకంటూ మిగుల్చుకునే ఆడవాళ్ళు ఇది చదువుతున్నవాళ్ళలోనే ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. మీరు మాయమైపోయారా?

ఇంకొకటి వినండి. పీపుల్ హ్యావ్ ద పవర్ అని ఆవిడ పాట ఒకటుంది. ఊరేగింపుల్లో, సభల్లో, పెద్ద పెద్ద బ్యాండ్లు కలిసిన వేదికల మీద ఇప్పటికీ పాడుతూనే ఉంటారు. అది పుట్టింది ఎక్కడనుకున్నారు? ఆవిడ వంటగదిలో బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే ఫ్రెడ్ లోపలికి వచ్చి ఆ నాలుగు ముక్కలూ చెప్పి, దీని మీద పాట రాయమన్నాడట. ఆవిడే చెప్పుకున్న సంగతి. ఆ పాట ఉన్న డ్రీమ్ ఆఫ్ లైఫ్ 1988లో వచ్చింది. అంటే "మాయమైన" కాలం నడిమధ్యలో! మా సోఫా మేధావి ఆ పాటకి కాలు ఊపుతూ తాళం వేస్తాడు. బంగాళాదుంపల సంగతి మాత్రం తెలియదు. లెనన్ పిండి కలపడం తెలిసినవాడికి ప్యాటీ దుంపలు ఎందుకు తెలియవు? ఎవరూ చెప్పలేదు కాబట్టి. చెప్పుకోదగ్గ విషయంగా ఎవరికీ తోచలేదు కాబట్టి.

1994లో ఫ్రెడ్ పోయాడు. నెల తిరక్కుండా ఆవిడ తమ్ముడూ పోయాడు. ఇద్దరు పిల్లలతో నిలబడి మళ్ళీ వేదిక ఎక్కింది. 1996లో గాన్ ఎగైన్ వచ్చింది. 2010లో రాసిన జస్ట్ కిడ్స్‌కి అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. 2016లో బాబ్ డిలాన్ తన నోబెల్ బహుమతి తీసుకోవడానికి స్టాక్‌హోమ్ వెళ్ళకపోతే, ఆ సభలో ఆయన పాట పాడింది ఈవిడే. అంత వచనం రాయగలిగిన చెయ్యి పదహారేళ్ళు ఊరికే కూర్చుందని ఎవరైనా అంటే నేను నమ్మను. రోజూ తెల్లవారుజామున కాగితం మీద తిరిగిన చెయ్యి అది.

డిలాన్ పేరు వచ్చింది కాబట్టి ఆయన సంగతీ చూద్దాం. 1966లో వుడ్‌స్టాక్ దగ్గర మోటార్ సైకిల్ మీంచి పడ్డాడు. ఆ తర్వాత 1974 దాకా టూర్లు లేవు. పెళ్ళాం, పిల్లలు, ఇల్లు. ఈ పరుగుపందెంలోంచి బయటపడి సంసారం చూసుకోవాలనిపించిందని తన క్రానికల్స్ పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు. మరి అభిమానులు ఆ ఏళ్ళని ఏమంటారు? అజ్ఞాతవాసం అంటారు, తపస్సు అంటారు. దగ్గర్లో బిగ్ పింక్ అనే గులాబీ రంగు ఇంటి బేస్‌మెంట్‌లో 1967లో స్నేహితులతో కలిసి ఆయన సరదాగా రికార్డు చేసిన పాటల మీద పుస్తకాలకి పుస్తకాలు వచ్చాయి. ఆ ఇంటి ముందు నిలబడి ఫొటో దిగడానికి జనం వెళ్తారు. డిలాన్ ఆ కాలంలో ఆల్బమ్‌లు చేశాడు, అది నేను కాదనను. కానీ లెనన్ చెయ్యలేదే! ఆ అయిదేళ్ళూ ఒక్క కొత్త రికార్డూ ఇవ్వలేదు. "ఆడవాళ్ళు రికార్డులు చెయ్యడం మానేశారు, అందుకే మర్చిపోయాం" అనేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పాలి.

లెనన్ ఇంటి లెక్క కూడా పూర్తిగా చెప్పుకుందాం. ఆ ఇంట్లో పనివాళ్ళు ఉన్నారు, పిల్లాణ్ణి చూసుకోవడానికి మనిషి ఉంది. డబ్బు వ్యవహారాలన్నీ యోకో ఓనో చూసింది. భవనంలో కింద ఆఫీసు పెట్టుకుని లాయర్లతో, అకౌంటెంట్లతో తలపడింది. ఆస్తులు కొంది, పాడిఆవులు కూడా కొంది. నిజమేనండీ, ఆవులు! 1980లో వాళ్ళ హోల్‌స్టీన్ ఆవు ఒకటి 2,65,000 డాలర్లకి అమ్ముడుపోయింది. ఆయన నిశ్చింతగా పిండి కలుపుకోగలిగాడంటే కింద ఆఫీసులో ఈవిడ కూర్చుంది కాబట్టి. అభిమానుల నోట యోకో పేరు ఎప్పుడు వస్తుంది? బీటిల్స్‌ని విడగొట్టిందని తిట్టడానికి. ఏ కాపురం చెడినా కోడలు వచ్చిన వేళావిశేషం అనే మన పెద్దమ్మలకీ ఈ ఇంగ్లీషు పాటల పండితులకీ నాకు తేడా కనిపించదు.

ఇంకా వెనక్కి వెళ్తే సింథియా ఉంది. లెనన్ మొదటి భార్య. 1962లో పెళ్ళయింది. అభిమానులైన అమ్మాయిల మనసు విరిగిపోతుందని ఆ పెళ్ళిని దాచిపెట్టారు. 1963లో జూలియన్ పుట్టాడు. ఆ పిల్లాణ్ణి పెంచింది ఎవరు? తండ్రి ఊళ్ళు తిరుగుతున్నాడు, పాడుతున్నాడు, ప్రపంచం చప్పట్లు కొడుతోంది. ఆ కొడుకు దగ్గర తను లేనని లెనన్ తర్వాత ఒప్పుకున్నాడు కూడా. 1968లో ఆ కాపురం విచ్ఛిన్నమవుతున్నప్పుడు తల్లీకొడుకులని చూడటానికి కారులో వెళ్తూ, ఆ పిల్లాడి కోసం పాల్ మెకార్ట్నీ అల్లుకున్నదే హే జూడ్. మా శనివారం కచేరీలో చివరి పాట ఎప్పుడూ అదే. అందరూ భుజాల మీద చేతులు వేసుకుని ఊగుతారు. లెనన్ రెండో కొడుకుని అయిదేళ్ళు పెంచిన కథ తెలిసినంతగా, మొదటి కొడుకుని ఒంటి చేత్తో పెంచినావిడ పేరు ఆ ఊగేవాళ్ళలో ఎంతమందికి తెలుసు? నేను అడిగాను. ఒక్కరికి తెలుసు. అదీ మావారికి, నేను చెప్పగా.

కేట్ బుష్ సంగతి మరీ విడ్డూరం. 1978లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, తను రాసుకున్న పాటతో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరిన పిల్ల. అంతకు ముందు ఏ ఆడమనిషికీ సొంతంగా రాసిన పాటతో ఆ స్థానం దక్కలేదు. 1993లో ఒక ఆల్బమ్ చేశాక 2005 దాకా ఇంకోటి రాలేదు. మధ్యలో 1998లో కొడుకు పుట్టాడు. వాణ్ణి పెంచుకుంటోంది, తీరిక దొరికినప్పుడు పని చేసుకుంటోంది. అంతే కథ. బ్రిటన్ పత్రికలు మాత్రం ఊరుకోలేదు. పిచ్చెక్కిందన్నారు, తలుపులు మూసుకుని బతుకుతోందన్నారు. మగవాడు తలుపు మూసుకుంటే తపస్సు, ఆడది మూసుకుంటే పిచ్చి.

2005లో వచ్చిన ఆ ఏరియల్ ఆల్బమ్‌లో ఒక పాట ఉంది. దాని పేరు మిసెస్ బార్టొలోజి. వాషింగ్ మెషీన్‌లో తిరుగుతున్న బట్టలని చూస్తూ కూర్చున్న ఒక ఇల్లాలి గురించి. పియానో, ఆవిడ గొంతు, అంతే. మొదటిసారి విన్నప్పుడు నేను చేతిలో పని వదిలేసి నిలబడిపోయాను. ఆ గుండ్రటి గాజు తలుపు ముందు నేను గడిపిన గంటలకి కూడా పాట ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఒక శనివారం ఆ పాట నేనే పెట్టాను. "వాషింగ్ మెషీన్ మీద పాటా వదినగారూ!" అని పడీ పడీ నవ్వారు. సగంలో ఆపేశారు. నేను ఊరుకోలేదు. వీళ్ళ ఆరాధ్యదైవాలు పింక్ ఫ్లాయిడ్ 1970లో ఏం చేశారో తెలుసా? ఆటమ్ హార్ట్ మదర్ ఆల్బమ్‌లో పదమూడు నిమిషాల పాట ఒకటుంది. తమ దగ్గర పనిచేసే కుర్రాడు పొద్దున్నే టిఫిన్ చేసుకోవడం దాని విషయం. పెనం మీద సుయ్‌మనే చప్పుడు, కుళాయిలోంచి నీటి చుక్కలు, నమలడం, అన్నీ రికార్డు చేసి పెట్టారు. దాన్ని వీళ్ళు ప్రయోగం అంటారు, ఎదురు మాట లేకుండా చివరిదాకా వింటారు. మగపిల్లాడు పెనం మీద ఏదో వేయిస్తే ప్రయోగం, ఆడమనిషి బట్టలు ఉతుకుతూ పాడితే నవ్వులాట. ఆ మాట అనేశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన పకోడీలు బావున్నాయన్నాడు.

ఇదంతా మా హాల్లో కూర్చున్న నలుగురి లోపం అనుకుంటే పొరపాటు. వాళ్ళు ఏది చదివి పెరిగారో అదే మాట్లాడుతున్నారు. అమెరికాలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అని ఒక గౌరవస్థానం ఉంది. 1986లో మొదటిసారి ఎంపిక చేసిన కళాకారుల్లో ఒక్క ఆడమనిషి లేదు. మరుసటేడు అరీతా ఫ్రాంక్లిన్ వచ్చింది. ఆ సంస్థని స్థాపించినవాళ్ళలో ఒకడు, రోలింగ్ స్టోన్ పత్రిక పెట్టిన జాన్ వెన్నర్. రాక్‌లో ఎవరు గొప్పో చెప్పే పత్రిక అంటే అదే. ఆయన 2023లో మాస్టర్స్ అని ఇంటర్వ్యూల పుస్తకం వేశాడు. ఏడుగురు. ఏడుగురూ తెల్లజాతి మగవాళ్ళే. ఆడవాళ్ళు లేరేమని న్యూయార్క్ టైమ్స్ అడిగితే, ఆ స్థాయిలో మాట్లాడగల ఆడవాళ్ళు లేరన్న అర్థంలో జవాబిచ్చాడు. గోల అయింది, హాల్ ఆఫ్ ఫేమ్ బోర్డులోంచి తీసేశారు, క్షమాపణ చెప్పాడు. బోర్డులోంచి ఆయన్ని తీశారు సరే, యాభై ఏళ్ళపాటు జనం బుర్రల్లోకి ఎక్కించినదాన్ని ఎవరు తీస్తారు?

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, రెండేళ్ళుగా గిటారు నేర్చుకుంటోంది. ఈ శనివారాలు మెట్ల మీద కూర్చుని వింటుంది. "పెళ్ళి చేసుకుని మాయమైపోయింది" అన్న రోజునా అక్కడే ఉంది. పదహారేళ్ళ పిల్ల చెవిలో ఆ మాట ఎలా పడుతుందో ఆ అంకుల్‌కి తట్టలేదు. నాకు తట్టింది. ఆ రాత్రే ఆయనకి మొహం మీద చెప్పేశాను, ఇంకెప్పుడూ మా ఇంట్లో ఆ మాట అనొద్దని. మావారు నొచ్చుకున్నారు, అతిథి కదా అని. నొచ్చుకోనీ.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఆ మాట ఉపసంహరించుకుంటూ ఆ పెద్దమనిషి "పోనీ త్యాగం చేసిందనుకుందాం" అన్నాడు. వద్దు బాబూ, అదీ వద్దు. త్యాగమూర్తి బిరుదు మనకి కొత్తదా? ఆ దండ మెడలో వేస్తే ఇక అడగడానికి ఏమీ ఉండదనే కదా వేసేది. ఇష్టపడి ఇంట్లో ఉన్న ప్యాటీది త్యాగం కాదు. ఇంట్లో ఉండక తప్పని ఆడవాళ్ళదీ త్యాగం కాదు, వాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్నారు. ఈ రెండూ కలిపేసి ఒకే ఏడుపు ఏడిస్తే ఎలా?

లాక్కోవడం ఎలా ఉంటుందో తెలియాలంటే ఎలిజబెత్ కాటన్ కథ వినాలి. ఉత్తర కరోలినాలో 1893లో పుట్టిన నల్లజాతి ఆవిడ. చిన్నతనంలోనే చదువు మాని ఇళ్ళల్లో పనికి కుదిరి, ఆ డబ్బులతో గిటారు కొనుక్కుంది. ఎడమచేతివాటం. నేర్పేవాళ్ళు లేక గిటారుని తిరగేసి పట్టుకుని, బొటనవేలితో రాగం, మిగతా వేళ్ళతో మంద్రస్వరం మీటడం తనే కనిపెట్టుకుంది. పన్నెండేళ్ళు నిండేలోపే ఫ్రైట్ ట్రైన్ అనే పాట కట్టింది. తర్వాత పెళ్ళి, కూతురు, ఇంటి చాకిరీ, బయటి చాకిరీ. ఇలాంటి పాటలు తగవని చర్చిలో చెప్పారు. గిటారు పక్కన పెట్టేసింది. నెలలు కాదు, ఏళ్ళు కాదు, దశాబ్దాలు.

వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో బొమ్మలు అమ్ముతుండగా ఒక చిన్నపిల్ల తప్పిపోయి కనిపిస్తే తల్లికి అప్పగించింది. అది సీగర్ కుటుంబం, ఇల్లంతా సంగీతకారులే. ఆ పరిచయంతో వాళ్ళింట్లో వంటకీ ఇంటిపనికీ కుదిరింది. గోడకి వేలాడుతున్న గిటారు ఒకరోజు తీసి మీటింది. అప్పటికి వయసు అరవైకి దగ్గర పడుతోంది. అక్కణ్ణించి ఆ ఇంటి పిల్లల ద్వారా ఫ్రైట్ ట్రైన్ ఇంగ్లండ్ చేరింది. 1957లో అక్కడ స్కిఫిల్ బ్యాండ్ ఒకటి పాడితే పెద్ద హిట్టయింది. రాసినవాళ్ళుగా వేరే ఇద్దరు మగవాళ్ళ పేర్లు పడ్డాయి! తన పేరు కోసం కొట్లాడాల్సి వచ్చింది. అదే రోజుల్లో లివర్‌పూల్‌లో స్కిఫిల్ బ్యాండ్ పెట్టుకుని తిరుగుతున్న కుర్రాడే జాన్ లెనన్. బీటిల్స్‌కి మొదటి మెట్టు ఆ బ్యాండే. రాక్ చరిత్ర చెప్పేటప్పుడు స్కిఫిల్ దాకా వెనక్కి వెళ్ళే మా పండితులు, ఇంకొక్క అడుగు వేసి ఆ వంటింటి దాకా వెళ్ళరు.

ఆవిడ మొదటి ఆల్బమ్ 1958లో వచ్చింది. తొంభై ఏళ్ళు దాటాక గ్రామీ అవార్డు వచ్చింది. హాల్ ఆఫ్ ఫేమ్‌వాళ్ళకి 2022లో గుర్తొచ్చింది, అప్పటికి ఆవిడ పోయి ముప్పై అయిదేళ్ళు. కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి వేరే ఉంది. ఊరూరా తిరిగి పాడి కూడబెట్టిన డబ్బుతో, తొమ్మిదేళ్ళ వయసు నుంచీ పరాయి ఇళ్ళు తుడిచిన ఆవిడ సిరాక్యూస్‌లో సొంత ఇల్లు కొనుక్కుంది. కూతుర్నీ మనవల్నీ తీసుకుని ఆ ఇంట్లోకి వెళ్ళింది. వచ్చే శనివారం మొదటి పాట ఫ్రైట్ ట్రైన్. పెట్టేది మా అమ్మాయి. పకోడీలు ఎవరు వేస్తారో మావారూ ఆయన స్నేహితులూ ఈలోపు తేల్చుకోవాలి.